బ్లోఅవుట్ కోమ్ ఒక్కసారి వినరా

ఒరేయ్ రఘూ,

నీ ఉత్తరం అందింది. అమ్మ మోకాలి ఆపరేషన్ బాగా జరిగిందని చదివాక మనసు కుదుటపడింది. ఫిజియోథెరపీ మాత్రం మానిపించకు, నొప్పి తగ్గగానే ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోతారని నాకు తెలుసు.

ఇక నువ్వు చివర్లో రాసిన మాట. ర్యాప్ అంటే రొమ్ము విరుచుకుని ఎవడి గొప్పలు వాడు చెప్పుకోవడమే కదా అన్నావు. అలాంటివి చాలానే ఉన్నాయి, వాటిలో నాకు ఇష్టమైనవీ ఉన్నాయి. కానీ ఆ మాట అనే ముందు నువ్వు వినాల్సిన ఆల్బమ్ ఒకటుంది. పేరు బ్లోఅవుట్ కోమ్. చేసినవాళ్ళు డిగబుల్ ప్లానెట్స్ అనే అమెరికా ర్యాప్ బృందం. 1994 అక్టోబరులో వచ్చింది. అప్పుడు దాన్ని పట్టించుకోవాల్సినంత మంది పట్టించుకోలేదు, అది నాకు ఇప్పటికీ బాధే.

వాళ్ళు ముగ్గురు. సియాటిల్ నుంచి వచ్చిన ఇష్మాయెల్ బట్లర్, ఫిలడెల్ఫియా కుర్రాడు క్రెయిగ్ ఇర్వింగ్, మేరీలాండ్‌లో పెరిగిన మేరీ ఆన్ వియెరా. ఆ అమ్మాయి తల్లిదండ్రులది బ్రెజిల్. ముగ్గురూ పురుగుల పేర్లు పెట్టుకున్నారు: బటర్‌ఫ్లై, డూడుల్‌బగ్, లేడీబగ్ మెక్కా. చీమలూ తేనెటీగలూ ఒకదాని కోసం ఒకటి పనిచేస్తూ బతుకుతాయి కదా, మనుషులూ అలా ఉండాలన్నది బట్లర్ ఆలోచన. నాకైతే ఆ ఒక్క ఆలోచనకే వాళ్ళ మీద ఇష్టం కలిగింది.

1993లో వచ్చిన మొదటి ఆల్బమ్ రీచిన్‌తో వాళ్ళు ఒక్కసారిగా వెలుగులోకి వచ్చారు. అందులో రీబర్త్ ఆఫ్ స్లిక్ అనే పాట అమెరికా హిట్ పాటల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో 15వ స్థానం దాకా వెళ్ళింది. ఆర్ట్ బ్లేకీ జాజ్ బృందం రికార్డులోంచి తీసుకున్న బేసూ బాకాలూ దానికి ప్రాణం. 1994లో దానికి గ్రామీ కూడా వచ్చింది, అదీ డాక్టర్ డ్రే, స్నూప్ డాగ్ లాంటి పెద్ద ర్యాపర్ల పాటని దాటుకుని. ఆ అవార్డు అందుకుంటూ బట్లర్ ఏం మాట్లాడాడో తెలుసా? ఈ తలుపు అవతలే ఇల్లూ తిండీ లేని మనుషులున్నారు, ఖరీదైన సీట్లలో కూర్చున్న మీరు వాళ్ళని కాస్త తలుచుకోండి అన్నాడు. చేతిలో ట్రోఫీ ఉన్నప్పుడు ఆ మాట అనడానికి గుండెధైర్యం కావాలి. తర్వాతి ఆల్బమ్ ఎటు పోబోతోందో అప్పుడే తెలిసిపోయింది అనిపిస్తుంది నాకు.

ఎందుకంటే అంత పెద్ద హిట్ తర్వాత అలాంటివే ఇంకో నాలుగు పాటలు చేసి ఊరుకోవచ్చు. వీళ్ళు ఆ పని చేయలేదు. తాము ఉంటున్న పేట గురించి పదమూడు పాటలు చేశారు. ఆ పేట న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని ఫోర్ట్ గ్రీన్. అప్పట్లో నల్లజాతి కళాకారులు, సంగీతకారులు, రాసేవాళ్ళు గుంపుగా ఉన్న చోటు. దర్శకుడు స్పైక్ లీ ఆఫీసు కూడా అక్కడే. ఆల్బమ్ పేరే చూడు, బ్లోఅవుట్ కోమ్ అంటే ఆఫ్రో జుట్టు దువ్వుకునే దువ్వెన. లోపలి కాగితాన్ని నల్లజాతి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీ పత్రిక పోలికలో వార్తాపత్రికలా అచ్చువేశారు. మొదటి పాట పేరులో మే 4 ఉద్యమం ఉంది, 1919లో చైనా విద్యార్థులు వీధుల్లోకి వచ్చిన ఉద్యమం పేరది. ఇవన్నీ చదివి ఉపన్యాసాల ఆల్బమ్ అనుకునేవు, అస్సలు కాదు. వాళ్ళ రాజకీయం వీధి మూలలో, బట్టల్లో, జుట్టులో, స్నేహితుల మాటల్లో కలిసిపోయి ఉంటుంది. మా మనుషులు ఇలా బతుకుతారు, ఇలా నడుస్తారు, ఇంత అందంగా ఉంటారు అని చెప్పడమే వాళ్ళ పోరాటం.

ఇప్పుడు అసలు సంగతి, సంగీతం. నువ్వు ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ కోసమే మళ్ళీ మళ్ళీ వింటావు కదా, నీకు ఇది పడుతుందని నా నమ్మకం అందుకే. ఈ ఆల్బమ్‌లో బేస్ ముందుంటుంది, గొంతులు కాస్త వెనక ఉంటాయి. పక్కగదిలో ముగ్గురు స్నేహితులు మాట్లాడుకుంటుంటే మనం చెవి ఒగ్గి విన్నట్టు ఉంటుంది. మామూలుగా ర్యాప్‌లో గొంతే రాజు, మిగతాదంతా దాని కింద పరిచిన తివాచీ. ఇక్కడ గొంతు కూడా వాయిద్యాల్లో ఒకటి. మొదటిసారి వినేవాళ్ళకి ఇదే అడ్డం పడుతుంది. మాటలు సరిగ్గా వినపడటం లేదేంటి, పట్టుకోవడానికి పల్లవి ఏది అనుకుంటారు. చాలామంది అక్కడే ఆపేశారనుకుంటాను.

బ్లాక్ ఈగో అని ఒక పాట ఉంది. గ్రాంట్ గ్రీన్ అనే జాజ్ గిటారిస్టు రికార్డులోంచి ముక్క తీసుకుని, దాని మీద నింపాదిగా పాట అల్లారు. మాటలు అయిపోయాక కూడా పాట ఆగదు, వాయిద్యాలు తమ దారిన తాము వెళుతూనే ఉంటాయి. రేడియో కోసం అయితే ఆ చివరి భాగం ఎవరైనా కోసేసేవాళ్ళు. నాకు ఆ భాగమే ప్రాణం. బరో చెక్ అనే పాటలో గ్యాంగ్ స్టార్ అనే బృందంలోని ర్యాపర్ గురు వచ్చి పాడతాడు. దాని అడుగున ఉన్నది బ్రూక్లిన్‌లో బతకడం గురించి జాజ్ సంగీతకారుడు రాయ్ ఏయర్స్ 1970ల మొదట్లో చేసిన పాట. అంటే ఇరవై ఏళ్ళ కిందటి పేట పాట మీద కొత్త తరం నిలబడి తన పేట పేరు చెప్పుకుంటోంది. ఇలా పాత రికార్డు ముక్కలు తీసుకుని కొత్త పాట చేయడాన్నే శాంప్లింగ్ అంటారు, అది దొంగతనం అనే మన వాసుగాడికి ఈ పాట వినిపించాలి.

అన్నిటికంటే ముఖ్యంగా లేడీబగ్ మెక్కాని విను. ముగ్గురిలో ఆమెకి ఏదో మర్యాద కోసం ఇచ్చిన చోటు కాదది. మెత్తటి గొంతు, తొందర లేని నడక, తాళం మీద ఎక్కడ దిగాలో తెలిసిన పట్టు. గొంతు పెంచకుండానే ఎదుటివాళ్ళని ఆపి వినిపించగలదు. గొప్ప ర్యాపర్ల లిస్టులు రాసేవాళ్ళు ఆమెని వదిలేసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

అప్పట్లో ఎందుకు ఆడలేదు అంటే నాకు తోచింది చెప్తాను. సరిగ్గా అయిదు వారాల ముందు, అదే బ్రూక్లిన్‌లో, ఆ పక్క పేట బెడ్-స్టై నుంచి నొటోరియస్ బి.ఐ.జి. అనే ర్యాపర్ మొదటి ఆల్బమ్ వచ్చింది. అదీ గొప్ప ఆల్బమే, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కాకపోతే ఊరు చూపు మొత్తం అటు తిరిగింది. ఇటు పాత హిట్ కోసం వచ్చినవాళ్ళకి అది దొరకలేదు. రీచిన్‌కి అమ్మకాల్లో గోల్డ్ గుర్తింపు వచ్చింది, దీనికి రాలేదు. మరుసటి ఏడాదే ముగ్గురూ విడిపోయారు. ఆ బృందం పేరుతో కొత్త పాటల పూర్తి ఆల్బమ్ మళ్ళీ రాలేదు.

బట్లర్ మాత్రం ఆగలేదు. సియాటిల్ వెళ్ళి షబాజ్ ప్యాలెసెస్ అనే కొత్త బృందం పేరుతో మళ్ళీ మొదలుపెట్టాడు, 2011లో వచ్చిన బ్లాక్ అప్ ఆల్బమ్ దానికి సాక్ష్యం. 2013లో బ్లోఅవుట్ కోమ్‌ని మళ్ళీ ఎల్‌పీ రికార్డుగా అచ్చువేశారు, కొత్త వాళ్ళకి దొరికింది. మంచిదే. అయినా ఈ ముగ్గురి పేరు చెప్పగానే జనానికి ఇప్పటికీ ఆ ఒక్క హిట్టే గుర్తొస్తుంది.

ఫోన్ స్పీకర్లో వినకు, దయచేసి. దాంట్లో బేస్ చచ్చిపోతుంది. మీ నాన్నగారి పాత స్పీకర్లు ఇంకా ఉన్నాయిగా, వాటికి తగిలించు. షఫుల్ కూడా వద్దు, గంట సేపు వరసగా పోనీ. మొదటిసారి మాటల మీద దృష్టి పెట్టకు, బేస్‌తో పాటు వెళ్ళు. రెండోసారి కావాలంటే సాహిత్యం ముందు పెట్టుకుని కూర్చో, వాళ్ళ వీధి యాస మొత్తం నాకూ అందదు, అందినంతలోనే బోలెడు ఉంది. మధ్యలో కె.బి.స్ ఆలీ అని ఒక వాయిద్యాల ముక్క వస్తుంది, దాన్ని దాటేయకు.

విన్నాక బాగుంది, బాలేదు అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఒప్పుకోను. ఏ పాట దగ్గర ఆగావో, ఎక్కడ విసుగొచ్చిందో వివరంగా రాయి. సంక్రాంతికి నేను ఊరొస్తున్నా, అప్పటికి వినకపోతే మీ ఇంట్లో కూర్చుని నేనే పెడతాను. అమ్మకి నా నమస్కారాలు చెప్పు.

నీ
కిట్టు