సంతకాల కోసం కాదు, ముందే అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం. పర్యావరణ ప్రణాళిక అంతా సిద్ధమైపోయాక చివర్లో జనాన్ని పిలిచి సంతకాలు తీసుకుంటే దాన్ని భాగస్వామ్యం అనలేం. ఏ బావి ఎప్పుడు ఎండుతుందో, చేపలు ఏ నెలలో గుడ్లు పెడతాయో, వరద మొదట ఎటు నుంచి వస్తుందో అక్కడ బతికేవాళ్లకు తెలుసు, నీళ్లు మోసే ఆడవాళ్లకైతే ఇంకా బాగా తెలుసు, కానీ సర్వే ఫారంలో చాలాసార్లు ఆ ప్రశ్నే ఉండదు. సంబంధిత పౌరులందరూ పాల్గొంటేనే పర్యావరణ సమస్యలు బాగా తీరతాయని 1992లో బ్రెజిల్‌లోని రియోలో జరిగిన ఐక్యరాజ్యసమితి పర్యావరణ సదస్సు ప్రకటన (రియో ప్రకటన) పదో సూత్రం చెప్పింది. చెరువులు, అడవుల్లాంటి ఉమ్మడి వనరులను వాడుకునేవాళ్లే నియమాలు పెట్టుకుని కాపాడుకోగలరని చూపిన అమెరికా పరిశోధకురాలు ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఇంకా ఎందుకీ ఆలస్యం? ఏం పరిశోధించాలో తేల్చేటప్పుడే వాళ్లను కూర్చోబెట్టండి, పని మానుకుని వచ్చినవాళ్లకు ఆ రోజు కూలి ఇవ్వండి, తేలిన ఫలితాలు వాళ్ల భాషలోనే తిరిగి చెప్పండి.

– ఒక పాఠకురాలు