పసుపు పొడికి ఉత్తరం ముక్క చాలదు: ఎఫ్‌డీఏ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

అమెరికా ఎఫ్‌డీఏ (తిండి, మందుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) కమిషనర్ గారికి,

నమస్కారం. నేను న్యూజెర్సీలో ఉంటాను, ఇండియా నుంచి గ్రోసరీ సామాన్లు తెప్పించే ఒక చిన్న ఇంపోర్టర్ దగ్గర కొన్నేళ్ళు పేపర్ వర్క్ చూశాను. ఇంగ్లీష్ కాపీ మీ ఆఫీసుకి విడిగా పంపిస్తున్నా. ఇక్కడ తెలుగులో పెట్టేది ఎందుకంటే ఆ సరుకు కొనేది మనవాళ్ళే, తెప్పించే వాళ్ళలోనూ మనవాళ్ళు బాగానే ఉన్నారు, వాళ్ళు కూడా చదవాలి.

నేను అడిగేది ఒక్కటే. పసుపు, దాల్చినచెక్క, కారం లాంటి పొడులు తెచ్చేటప్పుడు చిన్న ఇంపోర్టర్లకి ఇచ్చిన వెసులుబాటు తీసేయండి, ప్రతి లాట్‌కీ (అంటే ఒకేసారి తయారైన సరుకుకి) సీసం టెస్ట్ రిపోర్ట్ ఫైల్లో ఉండి తీరాలని రూల్ పెట్టండి.

చదివేవాళ్ళ కోసం కొంచెం వెనక్కి వెళ్తా. 2011 జనవరిలో ఒబామా గారు సంతకం పెట్టిన ఫుడ్ సేఫ్టీ చట్టం కింద 2015లో ఎఫ్‌ఎస్‌వీపీ (ఫారిన్ సప్లయర్ వెరిఫికేషన్ ప్రోగ్రామ్) అనే రూల్ వచ్చింది, 2017 మే నుంచి అమల్లోకి రావడం మొదలైంది. బయటి దేశం నుంచి తిండి సరుకు తెప్పించేవాడే అది తయారుచేసిన వాడి గురించి ఆరా తీయాలి, ఆ సరుకులో ఏ ప్రమాదం ఉండొచ్చో రాసి పెట్టుకోవాలి, అవసరమైతే ఫ్యాక్టరీ ఆడిట్ చేయించాలి, శాంపిల్ టెస్ట్ చేయించాలి, తేడా వస్తే సరిదిద్దాలి, ఇదంతా తెలిసిన మనిషి చేత చేయించాలి. నిజంగా మంచి రూల్ అండీ. పోర్టులో మీ ఇన్‌స్పెక్టర్లు ప్రతి కంటెయినర్ తెరిచి చూడలేరు కాబట్టి లాభం తీసుకునేవాడి మీదే బాధ్యత పెట్టారు, అది న్యాయం.

కానీ అదే రూల్లో ఏడాదికి సగటున మిలియన్ డాలర్లలోపు అమ్మకాలున్న ఇంపోర్టర్‌కి (ద్రవ్యోల్బణాన్ని బట్టి ఆ అంకె కాస్త మారుతుంది) వేరే దారి ఉంది. వాళ్ళు హజార్డ్ ఎనాలిసిస్ (సరుకులో ఏ ప్రమాదం ఉండొచ్చో అన్నది) రాయక్కర్లేదు, ఆడిట్ అక్కర్లేదు, టెస్ట్ అక్కర్లేదు. మా సరుకు మీ ప్రమాణాలకి తగ్గట్టే తయారవుతోంది అని సప్లయర్ ఒక లెటర్ రాసిస్తే చాలు, అదీ రెండేళ్ళకోసారి.

ఆ లెటర్ ఎలా ఉంటుందో నేను చూశాను. కంపెనీ లెటర్‌హెడ్, మూడు లైన్ల మ్యాటర్, కింద రౌండ్ సీలు, సంతకం. గడువు అయిపోయిందని అడిగితే అరగంటలో వాట్సాప్‌లో కొత్త లెటర్ వచ్చేది, చూస్తే పాత దాన్నే స్కాన్ చేసి తేదీ మార్చారు, సంతకం మీద సీలు పడిన వంకర కూడా అచ్చం అలాగే ఉంది. పసుపుకీ అదే లెటర్, ఇంగువకీ అదే, అప్పడాలకీ అదే.

ఇంకో సంగతి, ఆ లెటర్ ఇచ్చింది పసుపు పట్టిన మిల్లు కాదు. మీ రూల్ ప్రకారం ఫారిన్ సప్లయర్ అంటే సరుకు తయారుచేసినవాడు, మధ్యలో కొని అమ్మే ట్రేడర్ కాదు. కానీ మన సరుకు వచ్చే పద్ధతి ఏంటంటే హైదరాబాద్‌లోనో ముంబైలోనో ఒక మర్చంట్ ఎక్స్‌పోర్టర్ పది చోట్ల నుంచి పొడులు, పచ్చళ్ళు, వడియాలు, బెల్లం తెచ్చి ఒకే కంటెయినర్‌లో సర్ది పంపిస్తాడు, ఇన్వాయిస్ మీద అతని పేరే, లెటర్ మీదా అతని పేరే. మిల్లు ఎక్కడుందని అడిగితే "మా రెగ్యులర్ పార్టీ అండీ, పాతికేళ్ళ నుంచి చేస్తున్నారు" అంటారు. పాతికేళ్ళ నుంచి చేస్తుండొచ్చు, కానీ ఆ పొడిలో ఏముందో ఆ మాట చెప్పదు కదా.

2023లో ఏం జరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు గానీ ఇక్కడివాళ్ళకి చెప్తా. ఈక్వడార్ నుంచి వచ్చిన ఆపిల్ సిన్నమన్ ప్యూరీ పౌచ్‌లు, చంటిపిల్లలు తినేవి. నార్త్ కరోలినాలో ఒకే ఇంట్లో పిల్లల రక్తంలో సీసం ఎక్కువ వచ్చేసరికి అధికారులు ఇల్లంతా వెతికి చివరికి ఆ పౌచ్‌ల దగ్గర ఆగారు. ఆ ఫ్యాక్టరీలోని దాల్చినచెక్క పొడిలో 2,270 నుంచి 5,110 పీపీఎం (పది లక్షల భాగాల్లో అన్ని భాగాలు) దాకా సీసం ఉందని మీ సంస్థే ప్రకటించింది, అంతర్జాతీయంగా అలాంటి మసాలాలకి 2.5 పీపీఎం పరిమితి పెడదామని మాట్లాడుకుంటున్న రోజులు అవి. అప్పుడు మీవాళ్ళు చెప్పిన ఇంకో మాట నాకు మర్చిపోలేనిది, ఆ దాల్చినచెక్క పొడి పట్టినవాడు నేరుగా అమెరికాకి ఏమీ పంపడు కాబట్టి అతని మీద మాకు అధికారం పరిమితం అని. అంటే కల్తీ జరిగిన చోటుకి మీ చెయ్యి సరిగ్గా అందదు, ఇక్కడ పోర్టులో పట్టుకున్నవాళ్ళు లేరు, వందల మంది పిల్లల రక్తం చూశాక గానీ లెక్క తేలలేదు.

పసుపు సంగతి నాకు ఇంకా దగ్గరిది. కొమ్ములు ఉడకబెట్టి, ఎండబెట్టి, డ్రమ్ములో వేసి పాలిష్ పడతారు, ఆ పాలిష్ దగ్గరే పాడు రంగు కలుస్తుంది. బంగ్లాదేశ్‌లో మంచి రంగు రావడానికి లెడ్ క్రోమేట్ (సీసం ఉన్న పసుపు రంగు) కలుపుతున్నారని 2019లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళ స్టడీ బయటపెట్టింది, అక్కడి ప్రభుత్వం గట్టిగా పట్టుకుంటే మార్కెట్లో సీసం దొరికిన శాంపిల్స్ 47 శాతం నుంచి 2021 కల్లా సున్నాకి వచ్చాయి. రెండేళ్ళలో. తర్వాత జరిగిన ఇంకో స్టడీలో పాట్నా, కరాచీ, పెషావర్ శాంపిల్స్‌లో చాలా ఎక్కువ సీసం కనబడింది. దుగ్గిరాల రైతుదో నిజామాబాద్ రైతుదో తప్పని నేను అనడం లేదు, వాళ్ళు కొమ్ము అమ్మేసి ఇంటికెళ్ళిపోతారు, దాని తర్వాత ఎన్ని చేతులు మారుతుందో వాళ్ళకే తెలీదు. మన పిల్లలు అన్నప్రాసన అయిన దగ్గర్నుంచి రోజూ పప్పులో, చారులో, కూరలో పసుపు తింటారు. ఇక్కడ పిల్లల రక్తంలో సీసం ఎక్కువొస్తే ముందు అడిగేది ఇల్లు పాతదా, గోడల పెయింట్ ఊడుతోందా అని, వంటింటి డబ్బా సంగతి అడిగేవాళ్ళు తక్కువ.

ఇంత జరిగినా మసాలాల్లో సీసం ఇంతకి మించకూడదు అని దేశం మొత్తానికి మీరు ఒక అంకె పెట్టలేదు. న్యూయార్క్ రాష్ట్రం తనంతట తానే ఒక పరిమితి పెట్టుకుని రీకాల్స్ చేయిస్తోంది. అంకె లేకపోతే ఇంపోర్టర్ ల్యాబ్ రిపోర్ట్ తెప్పించినా దేనితో పోల్చుకోవాలి? కాబట్టి టెస్ట్ రూల్‌తో పాటే ఆ అంకె కూడా రావాలి.

చిన్న వ్యాపారులు మునిగిపోతారు అంటారు. నేను వాళ్ళ దగ్గరే పనిచేశాను, వాళ్ళ కష్టం తెలుసు, ఫ్రైట్ (రవాణా ఖర్చు) పెరిగితే ఎలా అల్లాడతారో చూశాను. కానీ ఒక లాట్‌కి సీసం టెస్ట్ ఖర్చు ఆ కంటెయినర్ ఫ్రైట్ ముందు లెక్కలోకి కూడా రాదు. అప్పడాలకీ బిస్కెట్లకీ వెసులుబాటు ఉంచండి, నేను వద్దనడం లేదు, పొడులకి మాత్రమే తీసేయండి. అక్కడివాళ్ళు చేయలేరన్న మాట కూడా నేను ఒప్పుకోను. 2003లో మన కారంలో సుడాన్ రంగు (తిండిలో కలపకూడని ఎర్ర రంగు) దొరికిందని యూరప్ గొడవ చేస్తే ఎగుమతయ్యే మిర్చికి ఇండియా ప్రభుత్వ సంస్థ స్పైసెస్ బోర్డ్ టెస్టింగ్ తప్పనిసరి చేసింది, ఇవాళ గుంటూరులోనే బోర్డ్ ల్యాబ్ ఉంది. కొనేవాడు గట్టిగా అడిగాడు కాబట్టే అది జరిగింది. మీరు లెటర్‌తో సరిపెట్టుకుంటున్నారు కాబట్టి లెటరే వస్తోంది.

ఇంకో చిన్న పని కూడా చేయండి. మీ ఇన్‌స్పెక్షన్లలో ఎక్కువగా దొరికే తప్పు అసలు ఎఫ్‌ఎస్‌వీపీ ఫైలే లేకపోవడం. వీళ్ళలో చాలామంది మోసగాళ్ళు కాదండీ, కస్టమ్స్ బ్రోకర్ ఫారం నింపేశాడు కాబట్టి పని అయిపోయింది అనుకునేవాళ్ళు. ఎడిసన్‌లోనో డాలస్‌లోనో ఒక శనివారం మనిషిని పంపి ఈ వ్యాపారుల్ని కూర్చోబెట్టి చెప్పించండి, ఫైల్ ఎలా ఉండాలో ఒక నమూనా చేతిలో పెట్టండి. ఆ తర్వాత కూడా మారనివాళ్ళ సరుకు పోర్టులోనే ఆపడానికి మీ దగ్గర ఇంపోర్ట్ అలర్ట్ 99-41 ఎలాగూ ఉంది, దాన్ని వాడండి.

రూల్ మార్చే ఆలోచన ఉందా లేదా, ఉంటే ప్రపోజల్ ఎప్పుడు పెడతారు అన్నది రాతపూర్వకంగా చెప్పమని అడుగుతున్నాను.

ఇట్లు,
ఎడిసన్, న్యూజెర్సీ నుంచి ఒక తెలుగు తల్లి