గుమ్మటం టైల్స్ ఊడితే తప్పంతా మేస్త్రీదేనా?

ఎడిటర్ గారికి నమస్కారం. మొన్న జిల్లా పేజీలో మా పర్లాకిమిడి వార్త వేశారు, కాలనీ పార్కులో మంటపం గుమ్మటానికి అంటించిన టైల్స్ రెండు వానలకే ఊడిపడ్డాయి, మేస్త్రీ పనితనం బాలేదు అని. ఆ మేస్త్రీ పాతపట్నం నుంచి రోజూ సైకిల్ మీద వచ్చిపోయే మనిషి, ఈ గొడవతో ఆయన కూలి డబ్బులు ఆపేశారు. ఆపినవాళ్ల పేరు రాయను గానీ విషయం చెప్పాలి.

పని జరిగినన్నాళ్లూ నేను సాయంత్రం అటే వాకింగ్‌కి వెళ్లేదాన్ని. వాళ్లిచ్చిన డ్రాయింగ్‌లో గుమ్మటం అంతా ఆరు మూలల టైల్సే, అన్నీ ఒకే సైజు, తేనెపట్టులాగ. కింది వరసలు బాగానే వచ్చాయి, పైకి పోయేకొద్దీ చోటు చాలక టైల్ కోయడం, సందులో వైట్ సిమెంట్ కూరడం, మళ్లీ పీకడం. "చప్టా మీద పేరిస్తే గీత గీసినట్టు వచ్చాయమ్మా, ఇక్కడేమో ఎటు సర్దినా ఒకచోట తేడా వస్తంది" అన్నాడాయన. ఆ కూరిన సందుల్లోంచే నీళ్లు దిగాయి. గమ్ తక్కువ పూశాడేమో అని కూడా అంటున్నారు, ఉండొచ్చు, కాదనను. కానీ ఆ డ్రాయింగ్ ప్రకారం ఎవరూ అంటించలేరండీ.

సంక్రాంతికి సందు చుక్కల ముగ్గు పెడతాం కదా, మధ్యలో ఏ చుక్క చూసినా చుట్టూ ఆరు చుక్కలుంటాయి. నేల మీద ఎంత దూరమైనా అలా పోవచ్చు, గుండ్రటి దాని మీద కుదరదు. నమ్మకపోతే చపాతీ పిండి ఉండ చేసి పెసలు ఒత్తుకుంటూ పోండి, నేను చేశాను. మొదట్లో ఒకదాని చుట్టూ ఆరు చక్కగా కూర్చున్నాయి, తర్వాత ఒక గింజ చుట్టూ అయిదే పట్టాయి, దాన్ని సరిచేస్తే ఆ అయిదు పక్కకి జరిగింది గానీ పోలేదు (మా మనవడు పెసలు ఏరుకుని తినేశాడు అది వేరే కథ).

దీనికి 18వ శతాబ్దంలోనే ఆయిలర్ అనే గణిత శాస్త్రజ్ఞుడి లెక్క ఉంది. బంతి మీద పలకలు పేరిస్తే, మూలల సంఖ్యలోంచి అంచుల సంఖ్య తీసేసి పలకల సంఖ్య కలిపితే 2 రావాలి. మూలకి మూడు చొప్పున అన్నీ ఆరు మూలలవే పేరిస్తే 0 వస్తుంది! ఆరు, అయిదు మూలలవి మాత్రమే వాడితే అయిదువి సరిగ్గా 12 ఉండాల్సిందే. 1970 వరల్డ్ కప్ ఫుట్‌బాల్ చూడండి, తెల్లవి 20, నల్లవి 12, ఆ నల్లవే అయిదు మూలలవి. 2003లో సైంటిస్టులు నీటి బొట్ల మీద మైక్రాన్ సైజు ప్లాస్టిక్ పూసలు పేర్చి మైక్రోస్కోప్‌లో చూశారు, అక్కడా ఇదే తంతు, పైగా బొట్టు పెద్దదై పూసలు సుమారు 360 దాటాక ఆ 12 చోట్లా చుట్టూ అయిదే ఉన్న ఒక్క పూసతో ఆగకుండా, చుట్టూ అయిదున్నది ఒకటి, ఏడున్నది ఒకటి అంటూ వరసగా చిన్న చీలికల్లా సాగుతాయట. ఎవరూ చెయ్యి పెట్టకుండా వాటంతటవే సర్దుకున్న పూసలకే తప్పలేదు, మేస్త్రీ ఎంత?

మన గుమ్మటం సగం బంతి కాబట్టి అయిదు మూలల టైల్స్ 6 చాలు, నడినెత్తిన ఒకటి, దాని చుట్టూ కిందకి సమదూరంలో అయిదు. డ్రాయింగ్ అలా మార్చి, ముందు ఆయన కూలి ఇచ్చేసి పని మళ్లీ చేయించమని అడుగుతున్నాం. మీరు కూడా ఆ వార్తకి నాలుగు లైన్ల సవరణ వేయండి. ఫోన్లో ఇదంతా చెప్తే ఆయన మొత్తం విని, "అయిదు మూలల టైల్ నేనే కోస్తానమ్మా, పాత బాకీ సంగతి చూడండి" అన్నాడు.

ఇట్లు,
ఒక పాఠకురాలు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా