దువ్వెన బల్ల గురించి తల్లిదండ్రులకు

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన గురువారం పొద్దున మన బడి వరండాలో ఎవరో తీసిన ఫోటో సాయంత్రానికల్లా మీ అందరి ఫోన్లలోకి చేరింది. తొమ్మిదో తరగతి అమ్మాయి నాలుగో తరగతి పిల్లకు జడ వేస్తోంది. పక్కన ఒక అబ్బాయి దువ్వెన పట్టుకుని తన వంతు కోసం నిలబడ్డాడు. దాని కింద ఒకరు "ఫీజులు కట్టేది తలలు దువ్వించడానికా?" అని రాశారు. శుక్రవారం మధ్యాహ్నానికి పదకొండు మంది నాకు ఫోన్ చేశారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పడం కంటే అందరికీ ఒకేసారి రాయడం మేలనుకున్నాను.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను: యూనిట్ టెస్టు మార్కులు డైరీలో అంటించాం, సంతకం పెట్టి పంపండి, తల్లిదండ్రుల సమావేశం రెండో శనివారం పదింటికి, సైన్స్ ప్రదర్శన చార్టులు పిల్లలే గీయాలి.

ఇక దువ్వెన బల్ల. ప్రార్థనకు ముందు ఇరవై నిమిషాలు మాత్రమే. ఇష్టమున్న పిల్లలు వస్తారు, పెద్ద తరగతుల వాళ్లు చిన్నవాళ్లకు చిక్కు తీసి దువ్వుతారు, ఒక టీచరు పక్కనే ఉంటారు. పాఠాల సమయంలో ఒక్క నిమిషం కూడా దీనికి పోదు. ఇది ఎలా మొదలైందో ఆ పాప ఇంటివాళ్ల అనుమతితోనే రాస్తున్నాను. ఎవరా పాప అని దయచేసి ఆరా తీయకండి.

పోయిన టర్మ్‌లో మా లెక్కల టీచరు నోటు పుస్తకాలు దిద్దుతుంటే ఒక పుస్తకంలో పేజీల మధ్య పొడవాటి వెంట్రుకలు కనిపించాయి. ఒకటీ రెండూ కాదు, భాగహారం లెక్కలున్న ప్రతి పేజీలోనూ. మర్నాడు గమనిస్తే, లెక్క ఆగిపోయిన ప్రతిసారీ ఆ పాప ఎడమ చెయ్యి చెవి వెనక్కి వెళుతోంది. ఒక వెంట్రుకను వేలికి చుట్టుకుని లాగుతోంది. అక్కడ రూపాయి బిళ్లంత మేర మాడు కనిపిస్తోంది. తన చెయ్యి అక్కడుందన్న సంగతి ఆ పిల్లకే తెలియదు. 1889లో ఒక ఫ్రెంచి చర్మవైద్యుడు దీనికి ట్రైకోటిల్లోమేనియా అని పేరు పెట్టాడు. పది, పన్నెండేళ్ల వయసులో మొదలవడం ఎక్కువ. లోపల ఆందోళన పెరిగినప్పుడు చెయ్యి తనంతట తానే పైకి వెళుతుంది. "చెయ్యి తియ్యి" అని కసిరితే ఆగదు, చాటుకు పోతుంది. తల్లిదండ్రులు వెంటనే డాక్టరుకు చూపించారు, ఇప్పుడు కౌన్సెలింగ్ నడుస్తోంది.

ఈలోగా మా టీచరు ఇంకో పని చేశారు. ఒకరోజు పొద్దున ఆ పాపను పక్కన కూర్చోబెట్టుకుని, "నీ జడ వదులైంది, మళ్లీ వెయ్యనా?" అని అడిగారు. పాప తల ఊపాకే దువ్వెన తీశారు. కొసల దగ్గర మొదలుపెట్టి, చిక్కు ఉన్నచోట పైన జుట్టును పిడికిట్లో పట్టుకుని, కుదుళ్ల మీద లాగుడు పడకుండా మెల్లగా విడదీశారు. మూడు రోజులు పాప ఏమీ మాట్లాడలేదు. నాలుగో రోజు జడ సగంలో ఉండగా, ముందుకే చూస్తూ, "టీచర్, మా ఇంట్లో రాత్రిళ్లు గొడవలవుతాయి" అంది. నేను ఎదురుగా కుర్చీ వేసుకుని రెండుసార్లు "ఏమైందమ్మా?" అని అడిగితే నోరు విప్పని పిల్ల తను.

ఈ ఒక్క విషయం మీద నేను ఎంతసేపైనా మాట్లాడగలను, మన్నించాలి. పిల్లలు మన కళ్లలోకి చూస్తూ చెప్పలేనిది మనకు వీపు చేసి కూర్చున్నప్పుడు చెబుతారు. దానికి శరీరంలోనే కారణం ఉంది. వెంట్రుకలున్న చర్మంలో మెల్లగా పనిచేసే ఒక రకం సన్నని నాడులు ఉంటాయి. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో సాగే మృదువైన స్పర్శకు అవి బాగా స్పందిస్తాయి. చెయ్యి తగిలింది ఎక్కడో చెప్పడం వాటి పని కాదు, ఆ స్పర్శలోని హాయిని మెదడుకు చేర్చడం వాటి పని. గబగబా బరబరా దువ్వితే ఆ హాయి అందదు. కొన్ని జాతుల కోతులు పగటిపూట సుమారు ఐదో వంతు సమయం ఒకదాని బొచ్చు ఒకటి సవరించుకుంటూ గడుపుతాయి. పేలు ఏరుకోవడానికి అంత సమయం అక్కర్లేదు. వాటి స్నేహాలు నిలబడేది ఆ సవరింపు మీదే. తల నిమిరించుకోవడం పిల్లలకు గారాబం కాదు, అవసరం. అన్నం, నిద్ర ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యమని నేను నమ్ముతున్నాను. ఆడపిల్లలతో పాటు మగపిల్లలకూ ఇది కావాలి. "మా వాడికి దువ్వడమేంటి, వాడేమైనా చిన్నపిల్లాడా?" అని అడిగిన నాన్నగారికి నా జవాబు: మీ అబ్బాయి రోజూ అందరికంటే ముందొచ్చి కూర్చుంటాడండీ.

మా పిల్లల గురించి కొంచెం చెప్పుకోనివ్వండి. ఫోటోలో ఉన్న తొమ్మిదో తరగతి అమ్మాయి ఎవరూ చెప్పకుండానే ప్రతి చిన్నపిల్లనూ "నొప్పిగా ఉంటే చెప్పు, ఆపేస్తా" అని అడిగి మొదలుపెడుతుంది. ఏడో తరగతి అబ్బాయి ఒకడు, వాళ్లమ్మగారికి రాత్రి డ్యూటీలని, చెల్లెలి కోసం జడ వేయడం ఇక్కడే నేర్చుకున్నాడు. మొదటి వారం మూడు పాయలూ మూడు దిక్కులకు పోయేవి. ఇప్పుడు పాపిడి గీత గీసినట్టు తీస్తున్నాడు. పదో తరగతి అమ్మాయి ఒకతె పేనుకొరుకుడు మీద పోస్టరు వేసింది. పేరులో పేను ఉన్నా ఆ జబ్బుకు పేలతో సంబంధం లేదనీ, ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరపాటున వెంట్రుకల కుదుళ్ల మీద దాడి చేయడం వల్ల జుట్టు గుండ్రంగా ఊడుతుందనీ, అది అంటుకోదనీ ఎంత చక్కగా రాసిందో! ఆ పోస్టరు వచ్చాక ఆరో తరగతిలో ఒక అబ్బాయి రెండు నెలల తర్వాత టోపీ తీసి కూర్చున్నాడు. ఆ రోజు నా కళ్లు చెమర్చాయి.

పేల భయం గురించి. అడిగిన అమ్మల ఆందోళన న్యాయమైనదే. అందుకే ఎవరి దువ్వెన వాళ్లదే అని మొదటి రోజే నియమం పెట్టాం. పేలు ఎగరవు, దూకవు. తలకు తల ఆనినప్పుడు పాకుతాయి. శుభ్రమైన తలలోకీ వస్తాయి. ఈపులు, అంటే పేల గుడ్లు, పగలడానికి వారం, పది రోజులు పడుతుంది కాబట్టి మందు ఒక్కసారి రాసి వదిలేయకుండా, సీసా మీద రాసినట్టు మళ్లీ రాయండి. వచ్చినప్పుడు మాకు చెప్పండి, గుట్టుగానే ఉంచుతాం. పేలు కనిపించాయని రాత్రికి రాత్రే తల బోడిగా గీయించి పొద్దున్నే బడికి పంపడం మాత్రం వద్దు. అలా వచ్చిన ఒక పిల్ల ఆ రోజంతా బల్ల మీద తల పెట్టుకునే ఉంది.

ఇప్పుడు ప్రేమతోనే ఒక మాట చెప్పాలి. ఉదయం గేటు దగ్గర నేను రోజూ చూస్తున్నాను. ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో దువ్వెన, నడుస్తూ నడుస్తూ దువ్వడం. చిక్కు పడితే కుదుళ్ల నుంచి ఒక్క లాగు, పిల్ల "అమ్మా" అంటే వీపు మీద ఒక్కటి. తడిజుట్టు త్వరగా సాగి తెగుతుంది, దాన్నే లాగి బిగించి జడ వేస్తారు. రోజూ అలా బిగిస్తే కణతల దగ్గర జుట్టు పల్చబడుతుంది, తలనొప్పీ వస్తుంది. మాటల సంగతి ఇంకా బాధ. "అక్క జుట్టు చూడు, నీది పీచు" అనే మాట పిల్లలు మర్చిపోరు. జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అని మనం సరదాగా అనేది, పల్చని జడ ఉన్న పన్నెండేళ్ల పిల్ల చెవిలో ఎలా పడుతుందో ఒక్కసారి ఆలోచించండి. మార్కులు తగ్గాయని జుట్టు కత్తిరించడం శిక్ష కాదు, అవమానం. ఆ పని జరిగిందని తెలిస్తే నేను మిమ్మల్ని పిలిపించి మాట్లాడతాను.

జుట్టు రాలుతోందని షాంపూ మార్చే ముందు కేలండరు చూడండి. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. అంతకంటే బాగా ఎక్కువైతే రెండు మూడు నెలల వెనక్కి వెళ్లండి. గట్టి జ్వరమో, ఇంట్లో ఎవరైనా పోవడమో, పరీక్షల భయమో ఉండవచ్చు. దెబ్బ తగిలిన చాలా రోజులకు గానీ జుట్టు ఊడదు. అలా ఊడింది చాలావరకు మళ్లీ వస్తుంది, నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున. దువ్వెన మందు కాదని కూడా నాకు తెలుసు. రెండు వారాలకు మించి పిల్లలు దిగులుగా ఉన్నా, నిద్ర పట్టకపోయినా, జుట్టు పీక్కుంటున్నా డాక్టరు దగ్గరకు వెళ్లాల్సిందే.

రోజులో పది నిమిషాలు అడుగుతున్నాను. పొద్దున కుదరకపోతే రాత్రి పడుకునే ముందైనా సరే. ఫోను వేరే గదిలో పెట్టి, ప్రశ్నలేమీ వేయకుండా, మెల్లగా దువ్వండి. మార్కుల మాట ఎత్తకండి.

దువ్వెన బల్ల సోమవారం నుంచి యథావిధిగా ఉంటుంది. వద్దనుకున్నవాళ్లు డైరీలో ఒక వాక్యం రాస్తే చాలు, మీ పిల్లలను పిలవం. వరండాలో పిల్లల ఫోటోలు తీయడం ఇకపై కుదరదు. పంపాలనుకున్నవాళ్లు పెద్ద పళ్ల దువ్వెన ఒకటి, దాని మీద చెరిగిపోకుండా పేరు రాసి, చిన్న సంచిలో వేసి పంపండి. పేలదువ్వెన ఇంట్లోనే ఉంచండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు