ఇంజిన్ నంబరు మారింది, ఆర్సీ మారలేదు

గౌరవనీయులైన రవాణా అధికారి గారికి,

నమస్కారం. మూడు అర్జీలకూ జవాబు రాలేదు కనుక నలుగురి ముందు రాస్తున్నాను.

మా నాయన కొన్న డీజిల్ అంబాసిడర్ ఇంజిన్ నిరుడు కావలి దగ్గర హైవే మీద పట్టేసింది. అదే కంపెనీ, అదే రకం ఇంజిన్ బిల్లుతో కొని వేయించాను. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం 14 రోజుల్లోపు తెలపాలి. ఆరో రోజునే తెలిపాను. తనిఖీలో కిరోసిన్ గుడ్డతో జిడ్డు తుడిచి, నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో అచ్చు కూడా తీసుకున్నారు. ఆ కాగితం ఫైల్లోనే ఉంది.

అమ్మకు వారానికి రెండుసార్లు నెల్లూరులో డయాలసిస్. పాత నంబరుతో తిరిగితే బీమా వర్తిస్తుందో లేదోనని కారు కొట్టంలో పెట్టాను. తిరుగు బస్సులో ఆమె నా భుజం మీద వాలి వస్తోంది. 15 ఏళ్లు దాటింది కదా, తుక్కుకు వేసేయమని కౌంటరులో సలహా ఇచ్చారు. నేనడిగింది సలహా కాదండీ.

కొత్త నంబరు ఆర్సీలో ఎక్కించండి. కుదరదంటే కారణం రాతపూర్వకంగా ఇప్పించండి.

భవదీయుడు,
కావలి మండల వాసి