ఎస్తేరు పేరుకు అర్థం

సంపాదకునికి,

పిల్లల పేర్ల శీర్షికలో 'ఎస్తేరు: హెబ్రీ పదం, నక్షత్రం అని అర్థం' అని వేశారు. నక్షత్రం సంగతి కొంతవరకు ఒప్పుకోవచ్చు. హెబ్రీ అనడం మాత్రం కుదరదు.

బైబిలులోని ఎస్తేరు గ్రంథం 2:7లో ఎస్తేరు రాణికి రెండు పేర్లున్నాయి. వాటిలో హెబ్రీ పేరు హదస్సా. 'హదస్' అనే పొద నుంచి వచ్చింది. యెషయా 55:13, జెకర్యా 1:8 దగ్గర తెలుగు బైబిలు దాన్ని గొంజి అంది. మన దగ్గర గొంజి అంటే నిమ్మ కుటుంబపు మొక్క. హదస్ జామ, నేరేడు కుటుంబానిది. చిన్న నున్నటి ఆకులు, నలిపితే సువాసన, అయిదు రేకుల తెల్లపూలు, నల్లటి చిన్న పళ్లు. యూదులు పర్ణశాలల పండుగకు కణుపుకు మూడేసి ఆకులున్న కొమ్మలే ఏరుకుంటారు. ఉత్త 'గొంజి' అని రాస్తే పాఠకులు వేరే చెట్టు అనుకుంటారు.

సమూయేలుకు, మోషేకు ఆ పేర్లెందుకు పెట్టారో బైబిలే చెబుతుంది. ఎస్తేరుకు చెప్పదు. అందుకే ఇన్ని వాదాలు. పారశీకంలో నక్షత్రమనే మాట నుంచి వచ్చిందని కొందరంటారు. ఉర్దూ సితారాదీ అదే కుదురు. ముందు అచ్చు చేరడం స్కూలు ఇస్కూలైనట్టే. బబులోను దేవత ఇష్తారు పేరే ఇదని ఇంకొందరు. ఆమెను పెంచిన మొర్దెకై పేరులో బబులోను దేవుడు మర్దూకు కనిపిస్తున్నాడు కనుక ఈ మాటా కొట్టిపారేయలేం. కాకపోతే ఇష్తారులో 'ష' ఉంది, హెబ్రీవాళ్లు ఎస్తేరును 'స'తో రాశారు. పైగా ఇష్తారుకు గుర్తు వేగుచుక్క, దాంతో రెండు వాదాలూ కలగాపులగమయ్యాయి.

'రహస్యం' అనే అర్థం కూడా ఇంటర్నెట్‌లో తిరుగుతోంది. అది తల్మూదు అనే యూదుల ధర్మగ్రంథంలోని రబ్బీల (మతగురువుల) చమత్కారం. ద్వితీయోపదేశకాండము 31:18లో దేవుడు ముఖం మరుగు చేసుకుంటాననే చోట హెబ్రీ క్రియ 'ఎస్తేరు'లాగే వినబడుతుంది. హెబ్రీ ఎస్తేరు గ్రంథంలో దేవుడి పేరే రాదు, ఆమె కూడా తన జాతిని దాచింది. అందుకని బాగా అతికింది. వ్యాఖ్యానంగా చదువుకోవచ్చు గానీ వ్యుత్పత్తి కింద వేయకూడదు.

మరో మాట: మీరు లోపలి పేజీలో 'ఎస్థేరు' అని అచ్చువేశారు. హెబ్రీలో అది 'త'. గ్రీకు అనువాదంలో థీటా అనే అక్షరం పడి, అక్కడి నుంచి లాటిను మీదుగా ఇంగ్లీషు స్పెల్లింగులో 'హెచ్' చేరింది. తెలుగు బైబిలు 'త' అనే రాసింది. మన ఊళ్లలో ఎస్తేరురాణులందరిదీ అదే 'త'.

– ఒక పాఠకుడు, గుంటూరు