లెక్కల టీచర్ల సంఘం బాధ్యత తీసుకోమంటున్నారని రాశావు కదా

ఒరేయ్,

నీ మెసేజ్ రాత్రే చూశా, రెండు ముక్కల్లో రిప్లై పెట్టడం నావల్ల కాలేదు, అందుకే కూర్చుని పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదువు. మీ దగ్గర లెక్కల టీచర్లంతా కలిసి సంఘం పెట్టుకుంటున్నారని, నిన్ను సెక్రటరీగా ఉండమంటున్నారని రాశావు. "ఏంట్రా ఉపయోగం, ఏడాదికో సభ, నాలుగు ఉపన్యాసాలు, ఓ గ్రూప్ ఫోటో, అంతేగా" అని కూడా రాశావు. అలాంటి సంఘాలు లేవని నేననను, ఉన్నాయి. అయినా సరే నువ్వు ఒప్పుకో. ఎందుకో చెప్తా.

మన ఉద్యోగం సంగతి చూడు. పక్క క్లాసులో లెక్కలు ఎలా చెప్తున్నారో మనకి తెలీదు, మనం ఎలా చెప్తున్నామో వాళ్ళకి తెలీదు, తలుపు వేసుకుంటే ఎవరి రాజ్యం వాళ్ళది. ఒక మనిషి ఏళ్ళ తరబడి భిన్నాలు చెప్పి చెప్పి, పిల్లలు ఎక్కడ తడబడతారో, ఏ ఉదాహరణ చెప్తే మొహాలు విప్పారతాయో పట్టుకుంటాడు, రిటైరైన రోజు అదంతా ఆయనతో పాటే ఇంటికి వెళ్ళిపోతుంది. తర్వాత వచ్చిన కుర్ర టీచర్ మళ్ళీ ఓనమాల దగ్గర్నుంచి మొదలెట్టాలి. ఇంత అనుభవం ఇలా వృథా అయిపోతుంటే నాకు నిజంగా బాధేస్తుంది రా. ట్రైనింగులు ఉన్నాయి కదా అంటావు, ఉన్నాయి, కానీ అక్కడ పైనుంచి ఎవరో వచ్చి చెప్తారు మనం రాసుకుంటాం. మన క్లాసులో నిన్న మధ్యాహ్నం జరిగింది అక్కడ ఎవరూ అడగరు. అది అడిగే చోటు టీచర్లు తమకి తాము పెట్టుకున్న సంఘం ఒక్కటే.

ఇక్కడ మా మీటింగుల్లో ఒక పద్ధతి ఉంది, అది నీకు వివరంగా చెప్పాలి. వచ్చే ప్రతి ఒక్కరూ తమ పిల్లల నోటుబుక్కులోంచి తప్పు చేసిన పేజీ ఒకటి తేవాలి, పేరు కనపడకుండా. ఓసారి ఒకావిడ తెచ్చిన పేజీలో 302 − 165 = 263 అని ఉంది. అసలు జవాబు 137 కదా. బోర్డు మీద రాయగానే ఒకాయన "శ్రద్ధ లేదండీ, కంగారు" అన్నాడు, ఇంకొకాయన "పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం రాలేదు" అన్నాడు. కాసేపు చూస్తే తెలిసింది, పిల్లాడు కంగారు పడలేదు, చాలా నిలకడగా ఒకే నియమం పాటించాడు, ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేశాడు. 5లోంచి 2 పోతే 3, 6లోంచి 0 పోతే 6, 3లోంచి 1 పోతే 2. అప్పుడు వెనక కూర్చున్న చిన్న క్లాసుల టీచరమ్మ ఒకావిడ, అప్పటిదాకా నోరు విప్పలేదు, మెల్లగా అంది, "ఎప్పుడూ పెద్దదాంట్లోంచే చిన్నది తీయాలి అని మేమే చెప్తామండీ, వాడు మేం చెప్పిందే చేశాడు" అని.

అందరం ఆగిపోయాం. ఆ ఒక్క మాట మీద గంటసేపు మాట్లాడుకున్నాం తెలుసా. రెండో క్లాసులో పని సులువవుతుందని చెప్పిన ఆ వాక్యమే మూడంకెల తీసివేతలో వాడిని పడేసింది, అక్కడితో అయిపోతుందా అంటే లేదు, రుణసంఖ్యలు మొదలెట్టిన రోజు 3 − 5 అని రాయగానే "అలా కుదరదు సార్" అనేదీ అదే పిల్లాడు. హైస్కూల్ టీచర్‌కి పైభాగం కనిపిస్తుంది, చిన్న క్లాసుల టీచర్‌కి కిందిభాగం కనిపిస్తుంది, ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చుంటే తప్ప మొత్తం కథ ఎవరికీ తెలీదు. ఇంకొకాయన మంచి పాయింట్ లేవనెత్తాడు, 302లో మధ్యన సున్నా ఉంది కదా, అంటే పిల్లాడికి ఒకే లెక్కలో రెండు చిక్కులు పెట్టాం, ముందు 342 − 165 ఇచ్చి చూడండి, 223 అని రాస్తే నియమమే తప్పుగా పట్టుకున్నాడు, 177 అని సరిగ్గా చేస్తే సమస్య సున్నా దగ్గర ఉంది అని. చూశావా, ఏ అంకెలు ఇవ్వాలి అన్నది కూడా ఎంత లోతైన విషయమో.

ఈ అంకెల ఎంపిక గురించి అయితే జపాన్ టీచర్లని చూసి నేర్చుకోవాలి. అక్కడ కొంతమంది టీచర్లు కలిసి ఒక్క పాఠాన్ని వారాల తరబడి తయారు చేసుకుంటారు, ఒకరు క్లాసు తీసుకుంటారు, మిగతావాళ్ళు గోడ పక్కన నిలబడి చూస్తారు, టీచర్ని కాదు, పిల్లలు ఏం రాస్తున్నారో చూస్తారు, తర్వాత కూర్చుని చర్చిస్తారు. పది దాటిన సంఖ్యల్లోంచి తీసివేత మొదలెట్టేటప్పుడు మొదటి లెక్కగా 13 − 9 ఇవ్వాలా 12 − 3 ఇవ్వాలా అన్నది కూడా వాళ్ళకి పెద్ద చర్చే. 12 − 3 ఇస్తే పిల్లలు వేళ్ళ మీద వెనక్కి లెక్కపెట్టేస్తారు, పదిని విడగొట్టాల్సిన అవసరమే రాదు. అదే 13 − 9 అయితే 10లోంచి 9 తీసి మిగిలిన 1ని 3కి కలిపే దారి దానంతట అదే కనిపిస్తుంది. ఇలాంటి సంగతులు పుస్తకం చదివితే వస్తాయి అనుకోకు, పది మంది పది క్లాసుల్లో చూసి వచ్చి చెప్పుకుంటేనే వస్తాయి.

ఇదంతా క్లాసు సంగతి. ఇంకో పెద్ద విషయం ఉంది, అది పరీక్షలు. ఒంటరి టీచర్ ఎంత గొప్పగా చెప్పినా పేపర్ మారకపోతే ఎక్కువ దూరం వెళ్ళలేడు, తల్లిదండ్రులు మార్కులే అడుగుతారు, హెడ్మాస్టరూ అవే అడుగుతాడు. దీనికి పాత కథ ఒకటి ఉంది, నాకు చాలా ఇష్టం. ఇంగ్లండ్‌లో అప్పట్లో జ్యామితి అంటే ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ రాసిన పుస్తకమే, సిద్ధాంతాలు ఆయన పెట్టిన వరసలోనే కంఠతా పట్టాలి, పరీక్షలో ఆ వరస తప్పితే కుదరదు. 1870లో రాడన్ లెవెట్ అనే స్కూల్ టీచర్ నేచర్ అనే సైన్సు పత్రికకి లేఖ రాశాడు, మనందరం కలవాలి అని. మరుసటి ఏడాది 1871లో, జ్యామితి బోధనని మెరుగుపరచడానికి అని పేరులోనే చెప్పుకుని ఒక సంఘం పుట్టింది. వాళ్ళు సొంతంగా సిలబస్ రాశారు, 1875లో అచ్చేశారు, అయినా పరీక్షలు పెట్టే యూనివర్సిటీలు అంత తేలిగ్గా కదల్లేదు. వీళ్ళూ ఊరుకోలేదు. 1894లో మ్యాథమెటికల్ గెజిట్ అని పత్రిక మొదలెట్టారు, 1897లో సంఘం పేరు మ్యాథమెటికల్ అసోసియేషన్ అని మార్చుకున్నారు. 1901లో జాన్ పెర్రీ అనే ప్రొఫెసర్ గ్లాస్గోలో లెక్కల బోధన మారాలని గట్టిగా మాట్లాడాక వేడి పెరిగింది, మరుసటి ఏడాదే సంఘం బోధన మీద కమిటీ వేసింది, చివరికి 1903లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ యూక్లిడ్ వరసే ఉండాలన్న పట్టు వదిలి, ఓ పద్ధతిలో సాగే ఏ నిరూపణ అయినా సరే అని ఒప్పుకుంది.

ముప్ఫై ఏళ్ళు పైనే పట్టింది రా. సంఘం మొదలెట్టినవాళ్ళలో చాలామంది అప్పటికి క్లాసులో లేరు. మనిషి అలసిపోతాడు, ట్రాన్స్‌ఫర్ అవుతాడు, రిటైర్ అవుతాడు, సంఘానికి మాత్రం అవేవీ అడ్డం కాదు. నువ్వు "ఉపయోగమేంటి" అన్నావే, ఇది నా మొదటి జవాబు. కాబట్టి మీ సంఘం చేయాల్సిన పనుల్లో ముందు రాసుకో, ప్రతి పరీక్ష అయ్యాక పేపర్ ముందేసుకుని ఒక్కో ప్రశ్న చూడండి, ఇది ఆలోచన అడుగుతోందా, బట్టీ అడుగుతోందా, దీనికి బదులు ఏం అడగొచ్చు అని. ఉత్తినే ఫిర్యాదు చేస్తే ఎవరూ వినరు, బదులు ప్రశ్న రాసిచ్చి, మా పిల్లలకి ఇస్తే ఇలా చేశారు అని జవాబులతో సహా చూపిస్తే వినక తప్పదు.

అమెరికాలో లెక్కల టీచర్ల జాతీయ మండలి 1920లో మొదలైంది, 1980లో వాళ్ళు స్కూలు గణితానికి సమస్యా సాధనే కేంద్రం కావాలి అని చెప్పారు, 1989లో ఏ దశలో పిల్లలకి ఏం రావాలో ప్రమాణాలు రాశారు. చాలా చోట్ల పాఠ్యపుస్తకాల మీద అది ప్రభావం చూపించింది. కానీ గొడవ కూడా పెద్దదే అయింది, కూడికలు తీసివేతలు ఎక్కాలు పక్కన పెట్టేస్తున్నారని తల్లిదండ్రులు, కొందరు గణిత ప్రొఫెసర్లు కూడా విరుచుకుపడ్డారు, ఆ వాదనలన్నీ నడిచాక 2000లో మళ్ళీ రాశారు. నాకైతే రెండు పక్షాల్లోనూ నిజం ఉందనిపిస్తుంది, ఎక్కాలు నోటికి రాని పిల్లాడు పెద్ద సమస్యలో మధ్యలోనే చిక్కుకుపోతాడు, ఎక్కాలు తప్ప ఇంకేం లేని పిల్లాడు ప్రశ్న కొంచెం మారిస్తే కదలడు. మీరు ఏ మార్పు తలపెట్టినా తల్లిదండ్రుల్ని ముందే పిలిచి కూర్చోబెట్టండి, పిల్లలు చేసిన పని చూపించండి.

పిల్లలకి లెక్కల పోటీలు పెట్టడం గురించి కూడా అడిగావు కదా. మన దేశంలో 1965లో మొదలైన గణిత టీచర్ల సంఘం, చెన్నై కేంద్రంగా నడిచేది, టాలెంట్ పరీక్షలూ పెడుతుంది, టీచర్లకి పత్రిక కూడా తెస్తుంది. పోటీలు మంచివే, క్లాసులో బోర్ కొట్టి కూర్చునే పిల్లలకి అవి ప్రాణం. కాకపోతే సంఘం బలమంతా పోటీల మీదే పెట్టొద్దు, ఎందుకంటే పోటీకి వచ్చేది అప్పటికే లెక్కలంటే ఇష్టం ఉన్న పిల్లలు. మిగతావాళ్ళ కోసం ఏం చేశాం అన్నదే నాకు ముఖ్యం. అలాంటివాళ్ళకి క్యాలెండర్ లెక్క ఇచ్చి చూడు. రెండు వరసల్లో పక్కపక్కనే ఉన్న ఏ నాలుగు తేదీలైనా తీసుకోమను, 10, 11, వాటి కింద 17, 18 అనుకో. ఎదురెదురు మూలలు గుణిస్తే 10 × 18 = 180, 11 × 17 = 187, తేడా 7. ఏ నెలలో ఎక్కడ తీసుకున్నా 7 వస్తుంది. లెక్కలంటే ముడుచుకుపోయే పిల్లలు కూడా "ఇంకోచోట చూద్దాం సార్" అని వెతుకుతారు, తప్పు చూపిద్దామని పట్టుదలగా వెతుకుతారు, అలా వెతికాక "ఎందుకొస్తోంది" అని వాళ్ళే అడిగితే, అప్పుడు మొదటి తేదీని x అనుకోమను, x(x + 8), (x + 1)(x + 7). బీజగణితం ఎందుకో ఆ రోజు తెలుస్తుంది వాళ్ళకి. ఇలాంటి ఒక్క పాఠం పదిమంది టీచర్ల చేతికి వెళ్తే ఎన్ని క్లాసులకి వెళ్ళినట్టో ఆలోచించు.

ఇంక చిన్న చిన్న సంగతులు. జీతాలు, ట్రాన్స్‌ఫర్ల గొడవ ఈ మీటింగులోకి రానివ్వకు, వాటికి వేరే సంఘాలు ఉన్నాయి, అవి అవసరమే, కానీ ఆ టాపిక్ ఎత్తితే లెక్కల మాట ఇంక రాదు. చిన్న క్లాసుల టీచర్లని తప్పకుండా పిలువు, వాళ్ళు "మేం లెక్కల వాళ్ళం కాదు" అని వెనక్కి తగ్గుతారు, అసలు పునాది వేసేది వాళ్ళే. కొత్తగా చేరిన టీచర్ని ఎవరూ తప్పు పట్టకుండా చూసుకో, మొదటి మీటింగులో ఎవరైనా నవ్వితే ఆ కొత్త టీచరమ్మ మళ్ళీ పేజీ తేదు. ఇంకోటి, టైమ్. సాయంత్రాలు, సెలవులు తినేసే సంఘం ఎక్కువకాలం నిలవదు. ఫ్రాన్స్‌లో అక్కడి లెక్కల టీచర్ల సంఘం, 1910 నాటిది, ఎన్నాళ్ళో అడగ్గా అడగ్గా 1969 నుంచి యూనివర్సిటీల్లో గణిత బోధన పరిశోధన సంస్థలు పెట్టారు, స్కూలు టీచర్లకి కొన్ని క్లాసులు తగ్గించి మరీ అక్కడ పనిచేసే వీలు ఇచ్చారు. మీకు అంత రాకపోయినా నెలకో పూట ఆన్ డ్యూటీ, అంటే సెలవు పెట్టకుండా డ్యూటీ కిందే మీటింగుకి వెళ్ళే అనుమతి, అడగండి, సంఘంగా అడిగితే ఇస్తారు.

మొదటి మీటింగుకి ఏం పెట్టాలి అంటావా, ఒకే ప్రశ్న అందరికీ ఇవ్వు. 8 + 4 = □ + 5. వచ్చే ముందు తమ క్లాసుల్లో అడిగి, పిల్లలు రాసిన కాగితాలు పట్టుకు రమ్మను, దిద్దకుండా. చాలామంది 12 రాస్తారు, కొందరు 17 రాస్తారు, పై క్లాసుల పిల్లలు కూడా. సమానం గుర్తంటే రెండు పక్కలా ఒకటే ఉండాలి అని కాకుండా, ఇక్కడ జవాబు రాయి అనే ఆజ్ఞలా వాళ్ళు చదువుతున్నారన్నమాట, సమీకరణాలు ఎందుకు రావట్లేదో సగం అక్కడే దొరుకుతుంది. క్లాసుల వారీగా కాగితాలు బల్ల మీద పరిచి, ఎవరూ ఉపన్యాసం ఇవ్వకుండా పది నిమిషాలు అందరినీ ఊరికే చదవనివ్వు.

డేట్ ఫిక్స్ అవ్వగానే చెప్పు, నేనూ వస్తా. దశాంశాల మీద మావాళ్ళ పేజీలు బోలెడు ఉన్నాయి, 0.45 పెద్దదా 0.6 పెద్దదా అంటే 45 పెద్దది కదా అని రాసినవి, రెండో మీటింగుకి పనికొస్తాయి, పేర్లు చెరిపేసి ఈ వారంలో స్కాన్ చేసి పంపిస్తా.

ఉంటా రా,
నీ వాడు